పిలుపు దారం

ఈ కథ జరిగేనాటికి నా పురుగుల రిజిస్టర్లు మొత్తం పందొమ్మిది. ఏడాదికొకటి. మాఘమాసం చివర, చలి విరిగి ఎండ ఇంకా ముదరని రోజుల్లో మొదలుపెట్టి ఇప్పపూలు రాలడం అయ్యేదాకా రాస్తాను. ఏ రెక్కల పురుగు, ఏ తేదీన, ఎన్ని, ఏ చెట్టు పక్కన. పుస్తకాల్లో వీటిని చిమ్మటలంటారు. ఊళ్ళో దీపప్పురుగులంటారు. మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ "నీ దిక్కుమాలిన పురుగులు" అనేవారు. సంజెవేళ తెల్ల దుప్పటి కట్టి దాని ముందు దీపం పెడతాను. తెల్లవారి లేచి దుప్పటి మీద నిద్రపోతున్నవాటిని లెక్కపెడతాను. ఆ దుప్పటిని సబ్బు పెట్టకుండా వాగు నీళ్ళలోనే ఉతుకుతాను, ఎందుకంటే సబ్బు వాసన ఉంటే కొన్ని జాతులు వాలవు. నా జీవితంలో క్రమం తప్పకుండా చేసిన పని ఇదొక్కటే.

ఆ పందొమ్మిది రిజిస్టర్లలోనూ ప్రతి ఏడూ అయిదు గడులు ఖాళీగా ఉంటాయి. ఆ సంగతి పట్టుకున్నవాడు మా తమ్ముడు హేమచంద్ర.

"ఇదేందక్కా, ప్రతి ఏడాది సరిగ్గ ఇక్కడనే అయిదు రోజులు ఎగ్గొట్టినవ్. పందొమ్మిదేండ్లు వరసగ జ్వరమొచ్చిందా నీకు?"

"అవి దసలి రాత్రులురా. ఆ అయిదు రోజులు మద్దులగూడెంలో దీపం పెట్టరు. నేనూ పెట్టను."

"అంటే సీజన్ మొత్తంల ముఖ్యమైన అయిదు రాత్రుల లెక్క ఎవ్వరి దగ్గర లేదు."

"లేదు."

వాడు పెన్సిలుతో ఆ ఖాళీ గడుల చుట్టూ సున్నా చుట్టాడు. నా రిజిస్టరులో ఇంకొకరు గీత గీయడం అదే మొదటిసారి. అప్పుడే ఆ పెన్సిలు లాక్కుని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

హేమూ హైదరాబాదు నుంచి ఒక పెట్టె తీసుకుని వచ్చాడు. నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియరంత ఉంటుంది. దాని కోసం వాడు తొమ్మిదేళ్ళు పనిచేశాడు, మంచి ఉద్యోగం వదిలేశాడు, కుదరబోయిన సంబంధాలు రెండు చెడగొట్టుకున్నాడు. పదిహేను రోజుల్లో దాన్ని హైదరాబాదులో పెద్దల కమిటీ ముందు పెట్టాలి. వాళ్ళు ఒప్పుకుంటే అలాంటివి వందల కొద్దీ తయారుచేసి దేశంలో అడవికొకటి పెడతారు. ఏ అడవిలో ఏముందో తెలియకుండానే అడవులు పోతున్న కాలం ఇది. కాబట్టి వాడి తొందర నాకు అర్థమయ్యేది.

పత్తి చేలల్లో వేలాడదీసే లింగాకర్షక బుట్టలు అందరూ చూసే ఉంటారు. ఆడపురుగు వాసన పూసిన గుళిక ఒకటి అందులో ఉంటుంది, మగపురుగులు వచ్చి పడతాయి. ఒక బుట్టకు ఒక్క జాతే. హేమూ పెట్టె ఏ జాతికైనా పనిచేస్తుంది. వచ్చిన రోజు ఉదయమే చేసి చూపించాడు. దుప్పటి మీద నిద్రపోతున్న ఒక మగ పురుగును గాజు గొట్టంలోకి ఎక్కించాడు. దాని మీసాలు దువ్వెన పళ్ళలా విచ్చుకుని ఉన్నాయి. పెట్టెలో పన్నెండు సీసాలున్నాయి. కిళ్ళీ కొట్టువాడు రకరకాల డబ్బాల్లోంచి చిటికెలు తీసినట్టు పెట్టె ఆ సీసాల్లోంచి కొంచెం కొంచెం కలిపి ఆ మీసం మీదికి ఊదింది. తెర మీద గీత కాసేపు నిదానంగా నడిచి, ఒక కలయిక దగ్గర ఎగిరిపడింది.

"సూసినవా? ఇదే దాని ఆడదాని వాసన. మీసమే చెప్పేసింది. ఇంక పిలవడమే మిగిలింది."

మర్నాటికి డాబా మీద అదే జాతి మగ పురుగులు ఎనభై ఆరున్నాయి. పందొమ్మిదేళ్ళలో నేను చూసినవి అన్నీ కలిపి ఏడు. పెట్టె వాటిని లెక్కపెట్టి, రేడియోలో వార్తలు చదివే గొంతుతో పేరూ సంఖ్యా చెప్పింది. ఆ గొంతు హేమూదే, నాలుగు రోజులు పొడి దగ్గుతో కూర్చుని రికార్డు చేసుకున్నాడట. నా శాలువా మీది చుక్కలను కూడా మూడు పురుగులుగా లెక్కేసిందని నేను ఎగతాళి చేశాను గాని, లోపల నాకు ఈర్ష్యగా ఉంది. వారంలో నా రిజిస్టరు నాలుగేళ్ళ ముందుకు పరిగెత్తింది.

ఇంతలో దసలి రాత్రులు వచ్చాయి.

మద్దులగూడెం మా పురుగుల పరిశీలన కేంద్రానికి కిలోమీటరున్నర దూరం. కేంద్రమంటే పెద్దగా ఊహించుకోవద్దు, రెండు గదులూ ఒక డాబా. ఊళ్ళో కోయ కుటుంబాలు నల్లమద్ది చెట్ల మీద దసలి పట్టుపురుగులు పెంచుతారు. ఇక్కడి రకం మిగతా దసలిలా వానల్లో కాక, మద్ది చిగురు వేసే ఈ రోజుల్లోనే గూడు చీల్చుకుని బయటికి వస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళలో ఈ రకం పోయి పన్నెండేళ్ళయింది. ఇక్కడ కూడా పోయిన ఏడాది ఎండలకు పురుగులు చెట్ల మీదే మాడిపోయి, ఈసారి ఇర్ప జోగమ్మ ఇంటి దూలానికి వేలాడే బుట్టలోంచి వచ్చిన ఆడ పురుగులు అరవై మూడు. నాకు తెలిసి ప్రపంచంలో ఆ రకానికి మిగిలిన విత్తనం అంతే.

ఆడ పురుగు బయటికి వచ్చాక వారం బతుకుతుంది. దానికి నోరుండదు, ఏమీ తినదు. గుడ్ల బరువుకు ఎగరలేదు. కొమ్మ పట్టుకుని కూర్చుని, మగపురుగు కోసం వాసనతో పిలుస్తుంది. ఊరి ఆడవాళ్ళు వాటిని పిల్లలంటారు, ఒక్కొక్క పురుగుకూ రెక్కల మొదట్లో వదులుగా దారం కట్టి మద్ది కొమ్మకు ముడివేస్తారు, పక్షులకు దొరక్కుండా, కింద పడకుండా. కొత్త దారం పనికిరాదు, మిల్లు వాసన ఉంటుంది. ఎవరింటి పాత చీర పోగులు వాళ్ళే లాగి పేనుతారు. ఆ అయిదు రోజులు ఊళ్ళో దీపం లేదు, తలకు నూనె లేదు, ఒంటికి సబ్బు లేదు, కూరలో పోపు లేదు. గుట్ట మీది నుంచీ అడవిలోంచీ మగ పురుగులు వస్తాయి. నాలుగో రోజు దాటితే మగతోడు దొరకని ఆడవి ఉత్త గుడ్లు పెట్టేస్తాయి. అవి పొదగవు.

నేనూ ఆ నియమాలన్నీ పాటించేదాన్ని. ఊళ్ళో అందరికీ పంతులమ్మనే అయినా పరాయిదాన్ని కాబట్టి దారం కట్టడానికి నన్ను ఎప్పుడూ పిలవలేదు, నేనూ అడగలేదు. నా మర్యాద నేను దక్కించుకున్నాననే అనుకునేదాన్ని.

మొదటి రోజు మధ్యాహ్నం పోపు లేని పప్పు ముందు కూర్చుని హేమూ మూలిగాడు. "ఇట్ల అయిదు రోజులా? అక్కా, ఒక్క మాటడుగుత. ఊళ్ళె వద్దన్నది దీపమే గద. నా పెట్టెల దీపం లేదు."

వాడన్నది నిజమే. పెట్టెకు దీపం అక్కర్లేదు. చీకట్లో కనిపించే కెమెరా ఉంది. నియమం తప్పినట్టు కాదు. ఆ ఖాళీ గడుల చుట్టూ వాడు చుట్టిన సున్నా నా కళ్ళ ముందు ఆడింది.

సరిగ్గా అప్పుడే గోడ మీద ఒక మగ దసలి వాలి ఉంది, ఇటుక రంగు రెక్కల మీద అద్దపు బిళ్ళల్లాంటి నాలుగు కళ్ళతో. హేమూ దాన్ని చూశాడు. నేను వాణ్ణి చూశాను.

"జాగ్రత్తగా పట్టు, రెక్క నలుగుద్ది" అన్నాను. అనుమతి ఇచ్చింది నేనే. ఈ ఒక్క వాక్యం కోసమే ఈ కథ రాస్తున్నానని కూడా అనుకోవచ్చు.

సంజెకు పెట్టెను డాబా మీద పెట్టి, దీపాలార్పి, నియమం ప్రకారం పెందలాడే పడుకున్నాం.

తెల్లవారి డాబా మీదికి వెళ్ళేసరికి దుప్పటి తెల్లగా లేదు. అంచు నుంచి అంచు దాకా ఇటుక రంగు. పిట్టగోడ మీద, నీళ్ళ ట్యాంకు మీద, తాడు మీద ఆరేసిన హేమూ లుంగీ మీద కూడా. పెట్టె తీరిగ్గా వార్తలు చదివింది. "దసలి. మగ. నాలుగు వందల పన్నెండు."

నా ఆనందం సంగతి దాచను. యాభై రెండేళ్ళ మనిషిని, డాబా మీద గంతులేశాను. హేమూ నన్ను పట్టుకుని గిరగిరా తిప్పాడు. ఈ అడవిలో మగ దసలి నలభైకి మించి ఉండవని నేనే ఒక వ్యాసంలో రాశాను. నా మాట తప్పయినందుకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

తర్వాత నాకు చప్పుడు వినిపించింది. సూర్యుడు వచ్చాక ఇవి కదలవు, నిద్రపోతాయి. కానీ పెట్టె చుట్టూ ఉన్నవి ఇంకా రెక్కలు కొడుతూనే ఉన్నాయి. జాలీకి రాసుకుని రాసుకుని అంచులు చిరిగిపోయాయి. నేల మీద ఇటుక రంగు పొడి రాలి ఉంది. నేను పెట్టె మీట ఆపేశాను. అయినా అవి ఆగలేదు.

అప్పుడు డాబా మెట్ల మీద అడుగులు వినిపించాయి. జోగమ్మ, వెనక ఆమె కోడలు కన్నమ్మ. డెబ్భై ఏళ్ళ జోగమ్మ మెట్లు ఎక్కడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఆమె దుప్పటిని అటు నుంచి ఇటు దాకా చూసింది. వంగి ఒక పురుగును వేలి మీదికి ఎక్కించుకుని, చిరిగిన రెక్కను చూసి, మళ్ళీ దుప్పటి మీదే వదిలిపెట్టింది.

"గివన్ని మీ ఇంటికే ఒచ్చినయా పంతులమ్మా" అంది. కోపంగా అడిగితే బాగుండేది.

కన్నమ్మకు మాత్రం కోపం దాచుకునే అలవాటు లేదు. "అరవై మూడింటిని కడితిమి. పొద్దుగాల సూస్తె అరవై మూడు ఒంటిగనే ఉన్నయ్. ఒక్కదానికి మొగడు రాలె. మీరేమో ఈడ జాతర పెట్టుకున్నరు!"

"మేం దీపం పెట్టలే కన్నమ్మా" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే దాని సిగ్గు నాకు తెలిసింది.

"దీపమొక్కటేనా? నూనె ఎందుకొద్దన్నం? సబ్బు ఎందుకొద్దన్నం? పిల్లలు పిలుస్తుంటె అడ్డం రావొద్దనే గద!"

హేమూ పెట్టె పక్కన కూర్చుండిపోయాడు. పందొమ్మిదేళ్ళుగా నేను ఆచారమనుకుని మర్యాదగా పాటించినదాని అర్థం వాడికి ఒక్క నిమిషంలో తెలిసింది. ఊరంతా గొంతు తగ్గించుకుని అరవై మూడు సన్నని పిలుపులకు దారి ఇచ్చింది. మేము పక్కనే మైకు పెట్టాం.

"వీటిని మోసుకపోదాం. బుట్టలల్ల పెట్టి ఆ చెట్ల మీద ఇడుద్దాం. ఇంకా రోజులున్నయ్ గద" అన్నాడు వాడు.

ఆ పగలంతా అదే పని చేశాం. వెదురుబుట్టల్లో ఆకులు పరిచి నాలుగు వందల పన్నెండింటినీ మద్దితోపుకు చేర్చాం. ఆడవాటి పక్కనే, రెండు వేళ్ళ దూరంలో వాల్చాం. సంజె చీకట్లో ఆడవి పిలిచాయి. మగవి కదలలేదు. కొన్ని పాకుతూ వాటి మీది నుంచే దాటిపోయాయి. అడవిలోంచి కొత్తగా వచ్చినవి రెండే రెండు.

మర్నాడు పొద్దున్నే హేమూ ఆ మగవాటిలో ఒకదాన్ని గొట్టంలో పెట్టి పరీక్షించాడు. ఆడవాసన ఊదాడు. తెర మీద గీత తిన్నగా సాగిపోయింది. ఇంకొకటి పెట్టాడు. ఇంకొకటి. పదకొండింటిని పెట్టాడు.

"రాత్రంత నెత్తి మీద మోగించిన. మీసాలు మొద్దుబారినయ్ అక్కా. వాటికిప్పుడు ఏదీ ఇనపడదు" అన్నాడు. చిన్నప్పుడు మా నాన్న గడియారం విప్పి మళ్ళీ బిగించలేక కూర్చున్నప్పుడు వాడి ముఖం ఇలాగే ఉంది. అప్పుడు నేను వాణ్ణి వెనకేసుకొచ్చాను. ఈసారి నేనూ దోషినే, వెనకేసుకురావడానికి నాకు చోటు లేదు.

ఇద్దరం పెట్టె పట్టుకుని జోగమ్మ ఇంటికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాం. గుట్ట అవతల అడవిలో మగవి ఇంకా ఉండవచ్చు. మా పెట్టె వాసన గుట్ట దాటి ఉండదు కాబట్టి వాటి మీసాలు బాగానే ఉంటాయి. కానీ ఇక్కడి ఆడవాటి పిలుపు కూడా గుట్ట దాటదు. పెట్టెతో పిలిస్తే వస్తాయి, వచ్చి ఇవీ చెవిటివవుతాయి.

"మల్ల ఆ పెట్టె మాట ఎత్తకుండ్రి" అంది కన్నమ్మ.

జోగమ్మ పెట్టెను దగ్గరికి లాక్కుని చూసింది. తర్వాత హేమూను అడిగింది. "ఒక్క ఆడపిల్ల ఎంత వాసన ఇడుస్తదో నీ పెట్టెకు ఎరికేనా కొడుకా?"

వాడు కొలిచి చూశాడు. చూసి తలదించుకున్నాడు. "ఆ రాత్రి నేను ఇడిసింది ఏడువేల ఆడపురుగులంత."

"ఒక్కదానంత ఇడవనీకి రాదా?"

"రాదమ్మా. దాని పంపుకు అంత సన్నగ ఊదుడు చాతకాదు."

"దానికి చాతకాకపోతె దారానికి చాతనైతది" అంది జోగమ్మ. "మా అమ్మ కాలంల ఆడ పురుగు కట్టిన దారాన్ని తెల్లారి పారేసేటోళ్ళు కాదు. ఇంకో కొమ్మకు కట్టేటోళ్ళు. ఉత్త దారానికి గూడ ఒక్కో మగపురుగు వచ్చేది. అది వాసన పట్టుకుంటది, మెల్లగ ఇడుస్తది."

హేమూ లేచి నిలబడ్డాడు. ఆమె చెప్పింది వాడికి నాకంటే ముందే అర్థమైంది. పెట్టెలో కలిపే గది ఒకటుంది, నిమ్మకాయంత. ఆ కలిపిన వాసన అందులోనే ఉంది. దాన్ని బయటికి తీయాలంటే గదిని కోయాలి. ఒకసారి కోస్తే ఆ గది మళ్ళీ పనికిరాదు, ఇంకొకటి తయారుచేయడానికి ఎనిమిది నెలలు. కమిటీ ముందు పెట్టడానికి వాడి దగ్గర ఉన్న పెట్టె ఇదొక్కటే.

"హేమూ, బాగా ఆలోచించుకో" అన్నాను.

"ఆలోచించేది మొన్న సాయంత్రం ఉండె అక్కా" అన్నాడు. జోగమ్మ ఇంటి కత్తిపీట మీదే, రెండు చేతులతో అదిమి, తొమ్మిదేళ్ళ పనిని కోశాడు. గొంతు ఉన్న భాగానికి తగిలినట్టుంది, పెట్టె "దసలి, మగ" అని సగం పలికి ఆగిపోయింది. కన్నమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది.

ఒక్క చుక్కను స్పిరిట్‌లో కలిపి, అందులోంచి ఒక చుక్కను మళ్ళీ స్పిరిట్‌లో కలిపి, అలా చాలాసార్లు పలచన చేశాడు. అందులో ముంచిన దారాలను ఎండలో ఆరేశాం, స్పిరిట్ ఎగిరిపోయేదాకా. అవి ఒక్క ఆడపురుగంత మెల్లగా పిలుస్తున్నాయో లేదో తెలియాలంటే మొద్దుబారని మీసం ఒకటి కావాలి. అదృష్టం కొద్దీ ఆ మధ్యాహ్నమే జోగమ్మ బుట్టలో ఆలస్యపు గూడు ఒకటి చీలి మగ పురుగు బయటికి వచ్చింది. రెక్కలు ఆరేదాకా ఆగి గొట్టంలోకి ఎక్కించాం. మీసం గీత చూపే భాగం ఇంకా పనిచేస్తోంది. ఆడపురుగును దగ్గర పెడితే గీత ఎంత లేచిందో, దారం పెడితే అంతే లేచే దాకా హేమూ పలచన చేస్తూ పోయాడు. ఆరోసారికి కుదిరింది.

"కోడికూతకు ముందు గాలి వాగు మీదికెల్లి గుట్టకు పోతది. అప్పుడే ఇడువాలె" అంది జోగమ్మ. మద్దితోపు నుంచి గుట్ట కనుమ దాకా పద్దెనిమిది మంది ఆడవాళ్ళం నిలబడాలని లెక్కవేసింది. నూటయాభై అడుగులకొకరు. అరచేతిలో దారం. చెయ్యి తెరిస్తే పిలుపు. మగపురుగు రెక్క చప్పుడు దగ్గరికి రాగానే పిడికిలి మూసెయ్యాలి, అది అక్కడే తిరిగి అలసిపోకుండా. అప్పుడది ముందరి చేతి దగ్గరికి పోతుంది. అట్లా చేతి నుంచి చేతికి, చివరికి నిజమైన ఆడపిల్ల దగ్గరికి. పెట్టె చేయలేని పని అదే. పెట్టెకు ఆపడం తెలియదు.

హేమూ కూడా నిలబడతానన్నాడు. జోగమ్మ దగ్గరికి వచ్చి, సీసాల మందులు అంటిన వాడి చేతులు వాసన చూసి, "నువ్వు ఊళ్ళెనే ఉండు కొడుకా, పెండ్లికి పోయేటోని లెక్క గుమగుమలాడుతున్నవ్" అంది. రెండు రోజుల తర్వాత మొదటిసారి అందరం నవ్వాం. కన్నమ్మ కూడా కొంచెం నవ్వింది.

నాకు ఆరో చోటు ఇచ్చారు, వాగు దాటాక. నా చేతిలోది జోగమ్మ పాత చీర దారం. ముందరి చోటు కన్నమ్మది. తెల్లవారుజామున మంచు కురుస్తోంది, కాళ్ళ కింద ఎండుటాకులు తడిగా ఉన్నాయి. నేను అరచెయ్యి తెరిచి నిలబడ్డాను. పందొమ్మిదేళ్ళుగా దీపం పెట్టి, అవి వచ్చాక పేరు రాసుకుని సంతోషించాను. చీకట్లో ఊరికే చెయ్యి చాపి ఎదురుచూడటం అదే మొదలు. ఏమీ రాకపోతే ఈ రకాన్ని అంతం చేసినవాళ్ళలో నా పేరు ఉంటుంది.

చాలాసేపటికి గుట్ట వైపు నుంచి ఒక చప్పుడు వచ్చింది, పలచని కాగితం రెపరెపలాడినట్టు. పిడికిలి మూశాను. అది నా వేళ్ళ కణుపులకు వచ్చి తగిలింది, ఒకసారి, రెండుసార్లు. నా ముఖం చుట్టూ తిరిగింది. దాని రెక్కల గాలి నా కనురెప్పలకు తగిలింది. కదలకుండా, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. తర్వాత అది వాగు దాటి కన్నమ్మ వైపు వెళ్ళిపోయింది.

"ఒచ్చింది పంతులమ్మా!" కన్నమ్మ గొంతు, గుసగుసగా. "పోయింది ముంగటికి!"

నేను ఏడ్చాను. ఏడుస్తూనే మళ్ళీ చెయ్యి తెరిచాను.

తూరుపు తెల్లబడేసరికి నా పిడికిలి యాభైసార్లకు పైగా మూసుకుంది. తోపులోకి వెళ్ళి చెట్టు చెట్టూ చూశాం. జంటగా ఉన్నవి నలభై ఒకటి. వాటిలో ఒకటి బుట్టలో ఆలస్యంగా పుట్టిన ఆ మగపురుగుది. ఇరవై రెండు ఒంటిగానే మిగిలాయి. జోగమ్మ ఆ ఇరవై రెండింటి దగ్గరా ఆగి, ఒక్కోదాని రెక్క మీద వేలు ఆనించి ముందుకు పోయింది. నేనూ హేమూ ఆమె వెనకే నడిచాం. ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు, ఓదార్చనూ లేదు.

ఆ ఏటి రిజిస్టరులో మొదటి గడిలో నాలుగు వందల పన్నెండు అని ఎర్ర సిరాతో రాశాను. దాని పక్కనే ఎలా వచ్చాయో, తర్వాత వాటికేమయిందో, అందులో నా తప్పు ఎంతో కూడా రాశాను. మిగతా నాలుగు గడులు ఖాళీగా వదిలేశాను.

హేమూ కమిటీ ముందుకు పగిలిన పెట్టెతోనే వెళ్ళాడు. జరిగింది పూసగుచ్చినట్టు చెప్పాడట. ఇద్దరు నవ్వారట, ఒకామె మాత్రం మీసం గీత చూపే భాగాన్ని మళ్ళీ మళ్ళీ అడిగి తెలుసుకుందట. ఎనిమిది నెలలు పోయాక వాడు తెచ్చిన కొత్త పెట్టెకు సీసాలు లేవు, పంపు లేదు, గొంతూ లేదు. అది ఎవరినీ పిలవదు. చెట్టు కింద పెడితే, గాలిలో ఏ ఆడ పురుగులు పిలుస్తున్నాయో వాసన బట్టి గుర్తించి పేర్లు మాత్రం రాసుకుంటుంది. నా పాతిక రకాల జాబితా దానితో అరవై దాటింది. మగపురుగు ఒక్కటి కూడా దారి తప్పలేదు.

గుడ్లు పొదిగాయో, పొదిగిన పురుగులు చెట్ల మీద బతికాయో అని ఏడాదంతా అడగాలనే ఉండేది. అడిగే హక్కు పోగొట్టుకున్నాననిపించి అడగలేదు. ఆ ఎండాకాలం మబ్బులు ముందే పట్టాయని, చిగురు మాడలేదని మాత్రం నాకు తెలుసు.

మళ్ళీ మాఘమాసం వచ్చింది. చలి విరిగింది. ఇరవై ఒకటో రిజిస్టరుకు అట్ట వేసుకుని, దసలి రాత్రుల మొదటి రోజు ఉదయం దుప్పటి విప్పి మడతపెడుతున్నాను. మెట్ల మీద అడుగులు వినిపించాయి. జోగమ్మ, వెనక కన్నమ్మ. పోయినేడు కూడా ఇలాగే వచ్చారని గుర్తొచ్చి మడతపెట్టడం ఆపేశాను.

"పంతులమ్మా, నీ దుప్పటి సబ్బు పెట్టకుంటనే ఉతుకుతవా?" అంది జోగమ్మ.

"వాగు నీళ్ళలోనే జోగక్కా. ఎందుకు?"

"దారాలు సాల్తలేవు" అంది కన్నమ్మ, నవ్వు ఆపుకోలేక. "ఊళ్ళె ఉన్న పాత చీరెలన్ని గుంజినం. ఇంకా తొంబై పిల్లలను కట్టేదున్నది. సంజెకల్లా కావాలె."

నా చేతుల్లో ఉన్న దుప్పటిని చూశాను. ఎన్నో ఏళ్ళుగా పురుగుల రెక్కల పొడి పట్టి అక్కడక్కడా మరకలు తేలిన గుడ్డ. పురుగుల లెక్కకు ఇంకో దుప్పటి సంపాదించుకోవచ్చు. ముగ్గురం డాబా మీద ఎండలో కూర్చున్నాం. కన్నమ్మ ఒక కొస పట్టుకుంది, జోగమ్మ పేనడానికి అరచెయ్యి చాపింది. అంచు విప్పి మొదటి పోగు నేనే లాగాను.